జలపాతం పేరున రాసిన నీళ్లు

నయాగరా చూసి వచ్చిన మనవాళ్ల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "అదంతా ఇప్పుడు సహజమేం కాదండీ. రాత్రిపూట నీళ్లు తగ్గించేస్తారట. జనం వచ్చే టైముకి మళ్లీ వదులుతారట. పెద్ద కుళాయి, అంతే." ఈ మాట అనేటప్పుడు గొంతులో మోసపోయినవాళ్ల బాధ ఉంటుంది. చంటిపిల్లల్నీ పెద్దవాళ్లనీ కార్లో ఎక్కించుకుని, గంటలకొద్దీ డ్రైవ్ చేసి వెళ్లినవాళ్లకి ఆ బాధ కలగడం సహజమే. వాళ్లు విన్న సంగతి కూడా నిజమే. కాని దాని నుంచి వాళ్లు తీస్తున్న అర్థం పూర్తిగా తప్పని నా నమ్మకం. నయాగరా దగ్గర నిలబడ్డప్పుడు నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది, ఆ నీళ్ల వెనక ఉన్న రాతకోతలు.

విషయం ముందే చెప్పేస్తాను. 1950 ఫిబ్రవరి 27న అమెరికా, కెనడా ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు, సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 31 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, జలపాతం మీదుగా కనీసం లక్ష క్యూసెక్కుల నీరు పారాలి. మిగతా వేళల్లోనూ చలికాలమంతానూ 50 వేల క్యూసెక్కులకు తగ్గకూడదు. అంతకు మించి నదిలో ఉన్నదాన్ని రెండు దేశాలూ చెరిసగం కరెంటుకి వాడుకోవచ్చు. నది సగటు ప్రవాహం సుమారు 2 లక్షల క్యూసెక్కులు. అంటే వేసవి పగలు మనం చూసేది నదిలో దాదాపు సగం. రాత్రి పది దాటాక రంగుల లైట్ల వెలుగులో చూసేది పావు వంతు.

మనకి క్యూసెక్కుల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. వానాకాలంలో టీవీ పెడితే అడుగున పరిగెత్తే అంకెలు అవే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షలు దాటింది. ఆ అంకెల పక్కన లక్ష క్యూసెక్కులు చిన్నగానే కనబడతాయి. కాని మన నదులకి ఆ ఉధృతి కొన్నాళ్లే. మే నెలలో అదే కృష్ణలో ఇసుక తిన్నెలు తేలతాయి. నయాగరాకి ఎగువన సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ అనే నాలుగు మహా సరస్సులున్నాయి. భూమి మీద ఉపరితలంలో ఉన్న మంచినీళ్లలో దాదాపు అయిదో వంతు గ్రేట్ లేక్స్‌లోనే ఉందంటారు. ఆ సరస్సులు నిండుగా ఉంటాయి కాబట్టి నయాగరా నదికి వరదా లేదు, ఎండుదలా లేదు. ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే తీరు. ఆ నిలకడే కరెంటు కంపెనీల కంట పడింది. ఎండిపోని నది, కొద్ది మైళ్ల దూరంలో దాదాపు 100 మీటర్లు దిగుతోంది. పవర్‌హౌస్ కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ప్రశ్న నాది కాదు, మా నాన్నది. అమ్మా నాన్నా వేసవిలో న్యూజెర్సీకి మా దగ్గరికి వచ్చారు. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులందరిలాగే వాళ్లూ చూడాల్సిన జాబితాలో నయాగరాదే మొదటి చోటు. నాన్న విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం ఆంధ్రా ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల వైపే గడిచింది. జలపాతం పక్కన నిలబడి, ముఖం మీద పడుతున్న తుంపర తుడుచుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట, "ఏరా, దీని పవర్‌హౌస్ ఎక్కడ?" అమ్మ అడిగింది వేరు. "ఇంత నీళ్లున్నాయి, దిగి స్నానం చేయడానికి రేవు లేదేంట్రా?" రెయిలింగు దగ్గరే కళ్లు మూసుకుని, గాలికి వచ్చిన తుంపరే నెత్తి మీద జల్లుకుంది.

ముందు మేం జలపాతాన్ని ఎలా చూశామో చెప్పాలి, లేకపోతే ఈ వాదనకి అర్థం లేదు. చాలామంది కారు దిగగానే పడవ టికెట్ల క్యూలోకి పరిగెత్తుతారు. మేం మాత్రం ముందు జలపాతాల మధ్యనున్న గోట్ ఐలాండ్ అనే దీవి మీదుగా నడిచి, ఎగువనున్న త్రీ సిస్టర్స్ దీవులకి వెళ్లాం. అక్కడ జలపాతం కనబడదు. నది ఒక్కటే కనబడుతుంది. కాని ఆ నది మామూలుగా ఉండదు. మన కంటి ఎత్తు కంటే పైనుంచి మన మీదికి దొర్లుకుంటూ వస్తున్నట్టుంటుంది. రాతి మెట్ల మీద విరిగి, తెల్లగా నురగలు కక్కి, మళ్లీ ఆకుపచ్చగా కలుసుకుని, ఇంకొంచెం దూరం పోతే నేల లేదన్న సంగతి తనకి ముందే తెలిసినట్టు వేగం పెంచుకుంటుంది. అక్కడ చేత్తో అందేంత దగ్గరలో నీళ్లుంటాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలకూడదు. అక్కణ్నుంచి ఒడ్డు వెంబడే టెరాపిన్ పాయింట్ దాకా నడిస్తే, గుర్రపునాడా ఆకారంలో ఉన్న హార్స్‌షూ జలపాతం అంచు మన పాదాల పక్కనే ఉంటుంది. ఆ అంచు దగ్గర నీళ్లు తెల్లగా ఉండవు. గాజులాగా చిక్కటి ఆకుపచ్చ. రాళ్లని ఒరుసుకుని తెచ్చిన సన్నటి పొడి, కరిగిన ఖనిజాలు ఆ రంగుకి కారణం. ఆ ఆకుపచ్చ పలక వంగి, ఒక్క క్షణం ఏ చప్పుడూ లేనట్టు జారి, 57 మీటర్ల కింద తెల్లటి పొగలో కలిసిపోతుంది. ఎంతసేపు చూసినా అది ఒకే నీళ్లు కాదన్న సంగతి మనసుకి ఎక్కదు.

పడవ కూడా ఎక్కాం. మెయిడ్ ఆఫ్ ద మిస్ట్ పడవలు 2020 నుంచి పూర్తిగా బ్యాటరీల మీద నడుస్తున్నాయి. వాటిలో ఒక దాని పేరు నికోలా టెస్లా. డీజిల్ వాసన లేదు, ఇంజను మోత లేదు. హోరు మధ్యలోకి వెళ్లాక ఆ తేడా బాగా తెలుస్తుంది. ఈ బ్యాటరీలకి కరెంటు నయాగరాదేనని విని నాన్న మొహం వెలిగిపోయింది.

దీవుల దగ్గర ఉన్నప్పుడే ఆయన ఎగువకి చెయ్యి చూపించి, "అవిగో గేట్లు" అన్నారు. కెనడా ఒడ్డు నుంచి నది మధ్యదాకా చొచ్చుకొచ్చిన ఒక వరస లీలగా కనబడుతుంది. అవి 18 గేట్లు. 1950 ఒప్పందం తర్వాత కట్టారు. నదికి అడ్డంగా పూర్తి ఆనకట్ట కాదది, సగం దాకానే. నీటి మట్టాన్ని కాస్త ఎత్తి, దించి, ఎంత నీరు సొరంగాల్లోకి పోవాలో, ఎంత జలపాతం మీదికి పోవాలో సర్దుతుంది. సొరంగాల్లోకి పోయిన నీరు ఊరి కిందుగా వెళ్లి, కొద్ది మైళ్ల దిగువన లూయిస్టన్, క్వీన్‌స్టన్ దగ్గర పవర్‌హౌసుల్లో పడుతుంది. అమెరికా వైపు రాబర్ట్ మోసెస్ ప్లాంట్, కెనడా వైపు సర్ ఆడమ్ బెక్ ప్లాంట్లు. రెండు వైపులా కలిపి 4,000 మెగావాట్లకు పైనే. రాత్రి మిగిలిన నీళ్లని పైనున్న రిజర్వాయర్లలోకి తోడి పెట్టుకుని, పగలు అందరూ ఏసీలు వేసుకున్నప్పుడు వదులుతారు. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌసులో రివర్సిబుల్ టర్బైన్లు చేసే పని కూడా ఇదే.

నాన్న వాదన సూటిగా ఉంటుంది. "పగలు లక్ష క్యూసెక్కులు ఊరికే కిందపడిపోతున్నాయి. ఎన్ని యూనిట్లు పోతున్నాయో లెక్క వేశావా? మనకైతే ఇలాంటి నది దొరకాలే గాని చుక్క వదలం." ఆయన జీవితమంతా ఆ చుక్కల్ని లెక్కపెట్టడంలోనే గడిచింది. మన పేపర్లూ అలాగే రాస్తాయి. సముద్రంలో కలిసే ప్రతి నీటిబొట్టూ వృథానే. కరువు తెలిసిన నేలలో పుట్టినవాళ్లం, ఆ మాట ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. కాని నయాగరా దగ్గర అదే మాటతో దశాబ్దాల తరబడి గొడవ నడిచింది. ఆ గొడవలో జలపాతం పక్షాన నిలబడ్డవాళ్లు చివరికి ఏం సాధించారన్నదే నేను చెప్పదలుచుకున్న కథ.

నయాగరా మొదట కోల్పోయింది నీళ్లని కాదు, ఒడ్డుని. 19వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి అమెరికా వైపు ఒడ్డు మొత్తం ప్రైవేటు వాళ్ల చేతుల్లోకి పోయింది. మిల్లులు, షెడ్లు, కంచెలు. జలపాతం చూడాలంటే ఎవరో ఒకరికి డబ్బు కట్టి వాళ్ల స్థలంలోంచి తొంగి చూడాల్సిందే. దీని మీద ఉద్యమం లేచింది. ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ అనే పార్కుల రూపశిల్పి, ఆయనతోపాటు చిత్రకారులు, రచయితలు, పత్రికలవాళ్లు ఏళ్ల తరబడి అదే పట్టుగా పనిచేశారు. 1883లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. 14 లక్షల 33 వేల డాలర్లకు పైగా పెట్టి 400 ఎకరాలు పైచిలుకు కొన్నది. 1885 జులై 15న ఆ ఒడ్డు జనానికి తెరిచింది. అమెరికాలో అతి పాత స్టేట్ పార్కు ఇదే. అదే 1885లో కెనడా వైపు ఆంటారియో కూడా నయాగరా పార్క్స్ కమిషన్‌ని ఏర్పాటు చేసింది. మిల్లులు కూల్చారు. చెట్లు పెంచారు. ఓల్మ్‌స్టెడ్ అయితే అలంకారానికి పూలపాన్పులు కూడా వద్దన్నాడు. అక్కడ చూడాల్సింది నది, మిగతావన్నీ దానికి అడ్డం అన్నది ఆయన పట్టుదల.

నేటికీ ఆ పార్కులోకి వెళ్లడానికి టికెట్ లేదు. పార్కింగ్‌కీ పడవకీ మాత్రమే డబ్బు. రాత్రి రెండింటికి వెళ్లినా గేటు వేసి ఉండదు. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, అడిగి తీసుకున్నది.

ఒడ్డు దక్కింది, ఇక నీళ్ల వంతు వచ్చింది. 1895లో నయాగరాలో పెద్ద ఎత్తున ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు ఉత్పత్తి మొదలైంది. ఇంజనీరు నికోలా టెస్లా పేటెంట్లు, వెస్టింగ్‌హౌస్ కంపెనీ యంత్రాలు. 1896 నవంబరులో ఆ కరెంటు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న బఫలో నగరానికి చేరింది. దూరాలకి కరెంటు పంపడం వ్యాపారంగా నిలబడుతుందని ప్రపంచానికి నమ్మకం కుదిరిన సంఘటనల్లో ఇది ఒకటి. నాన్న సర్వీసు, మా ఇంటి అన్నం, నా చదువు అన్నీ ఒక రకంగా ఆ రోజు నుంచే వచ్చాయి. నేను కరెంటుకి వ్యతిరేకిని కాదు, కాలేను కూడా. కాని వ్యాపారం నిలబడ్డాక ఎక్కడ ఆగాలో కంపెనీలకి తెలియలేదు. ఒకదాని తర్వాత ఒకటి అనుమతులు తెచ్చుకున్నాయి. ఇలాగే పోతే జలపాతం అంచు ఎండిపోతుందని తెలిసినా ఆపేవాళ్లు లేరు.

అప్పుడు జె. హొరేస్ మెక్‌ఫార్లండ్ అనే పెన్సిల్వేనియా మనిషి, ప్రింటింగ్ ప్రెస్ నడుపుకునేవాడు, 1905లో ఒక మహిళా పత్రికలో వ్యాసం రాశాడు. నయాగరాని బొగ్గుకుప్పగా మారుద్దామా అన్నది దాని సారాంశం. వేలమంది పాఠకులు ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు. 1906లో బర్టన్ చట్టం వచ్చింది. నది నుంచి ఎంత తీసుకోవచ్చో తొలిసారి ఒక హద్దు పడింది. 1909లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ కలిసి సరిహద్దు జలాల ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా వైపు 20 వేలు, కెనడా వైపు 36 వేల క్యూసెక్కులు, అంతకు మించి తీయకూడదు.

ఈ పాత ఒప్పందానికీ 1950 ఒప్పందానికీ ఒక తేడా ఉంది. నేను ఇంత దూరం రాస్తున్నది ఆ తేడా కోసమే. 1909లో కరెంటు వాడేవాళ్లకి ఎంత అని రాశారు, మిగిలింది జలపాతానిది. 1950లో లెక్క తిరగేశారు. ముందు జలపాతానికి ఎంత అని రాశారు, మిగిలింది కరెంటుది. ఒప్పందం మొదట్లోనే, నయాగరా సౌందర్యాన్ని కాపాడడం, పెంపొందించడం తమ మొదటి బాధ్యత అని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. నీటిని ప్రయోజనకరంగా వాడుకోవడం ఆ బాధ్యతకి లోబడి ఉండాలన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్లే అయింది. ఫ్యాక్టరీలు కరెంటు కోసం ఎగబడుతున్న రోజులు. ఆ రోజుల్లో, అందం మొదటి బాధ్యత అని రెండు దేశాలు అధికారిక పత్రంలో రాసుకున్నాయి. ఇంటి పెద్ద ఆస్తి పంచేటప్పుడు ముందు అమ్మ పేరున ఒక భాగం రాసి, తర్వాత కొడుకులకి పంచినట్టు.

కాబట్టి "కుళాయి" అనేవాళ్లకి నా జవాబు ఇది. ఆ ఒప్పందం లేకపోతే మనం చూసేది పూర్తి నదిని కాదు. ఖాళీ రాతి గోడని. రెండు దేశాల ప్లాంట్లకీ నదిలో ఎక్కువ భాగాన్ని మింగే శక్తి ఉంది. రాత్రుళ్లు అవి మింగేదాన్ని చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. పగలు మనం చూస్తున్న ప్రతి క్యూసెక్కూ, తీసుకోగలిగీ తీసుకోకుండా వదిలిన నీరు. నా లెక్కలో అది సహజంగా పడే నీటికంటే ఏమాత్రం తక్కువది కాదు.

అసలు సహజం అనేదాన్ని కూడా కొంచెం తరచి చూడాలి. 1848 మార్చి 29 రాత్రి ఈరీ సరస్సు మూతి దగ్గర మంచుగడ్డలు అడ్డం పడి నది ఆగిపోయింది. ఒకటిన్నర రోజు దాకా జలపాతం పడలేదు. చప్పుడు లేక జనం నిద్రలోంచి లేచారని చెప్పుకుంటారు. పగలు ఎండిన నది అడుగున నడిచి వెళ్లి వింతలు ఏరుకున్నారు. అదీ ప్రకృతే. పైన గట్టి డోలమైట్ రాయి, కింద మెత్తటి షేల్. నీళ్లు కింద తొలిచేకొద్దీ పైరాయి విరిగి పడుతుంది. ఇలా 12 వేల ఏళ్లలో జలపాతం 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. వెనకటి రోజుల్లో ఏడాదికి మీటరు దాకా కోసుకుపోయేది. నీళ్లు తగ్గించాక ఆ కోత ఏడాదికి ఒక్క అడుగుకి తగ్గిందంటారు. 1950ల్లో హార్స్‌షూ రెండు పక్కలా అంచుని పూడ్చి, కొంత చెక్కి, తగ్గిన నీరు కూడా అంచు పొడుగునా పరుచుకుని పడేలా చేశారు. టెరాపిన్ పాయింట్‌లో మనం నిలబడే నేల కొంత ఆ పూడికే. ఇవన్నీ దాచిపెట్టిన రహస్యాలు కావు, పార్కులో బోర్డుల మీద రాసి ఉన్నవే.

అలా మనిషి చెయ్యి పడిందని ప్రతిచోటా చెయ్యి పెట్టలేదు కూడా. 1969 వేసవిలో అమెరికా సైన్యానికి చెందిన ఇంజనీర్లు గోట్ ఐలాండ్‌కీ ఒడ్డుకీ మధ్య కట్ట వేసి, హార్స్‌షూ పక్కనే ఉన్న రెండో జలపాతం అమెరికన్ ఫాల్స్‌ని పూర్తిగా ఎండగట్టారు. అడుగున పేరుకున్న బండరాళ్లని తీసేస్తే జలపాతం ఇంకా ఎత్తుగా, అందంగా కనబడుతుందేమో చూద్దామని. జూన్ నుంచి నవంబరు దాకా పరీక్షించారు. చివరికి రెండు దేశాల ఉమ్మడి కమిషన్, ఆ రాళ్లని ముట్టుకోవద్దు, జలపాతం తన తీరున తను మారుతుంటే మారనివ్వండి అని తేల్చింది. ఇవాళ పడవలో వెళ్తూ ఆ రాళ్ల గుట్టని చూసి "అడ్డంగా ఉంది" అనుకోవద్దు. తీయగలిగిన వాళ్లు తీయకుండా వదిలారు.

మనవాళ్లకి నయాగరా విషయంలో ఇంకో దిగులుంటుంది. కెనడా వైపు నుంచి చూడలేకపోయామని. ఎదురుగా నిలబడి రెండు జలపాతాల్నీ ఒకేసారి చూసే వీలు అటువైపే ఉన్న మాట నిజం. కాని ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా వీసా వేరే కావాలి. తిరిగి అమెరికా రావడానికి వీసా స్టాంపింగ్ టెన్షన్ ఇంకొకటి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దాని కోసం బాధపడక్కర్లేదని నేను గట్టిగా చెప్తాను. అటువైపు జలపాతం బొమ్మ కనబడుతుంది, వెనక హోటళ్లు, కాసినోలు, టవర్లు ఉంటాయి. ఇటువైపు నది పక్కనే చెట్ల కింద నడుస్తాం. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలిసేది ఇటువైపే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూడా గోట్ ఐలాండ్‌లో చాలా దూరం మెట్లు లేని దారులే. పొద్దున్నే వెళ్లండి, పులిహోర డబ్బా పట్టుకెళ్లి ఎగువన చెట్ల కింద తినండి, రెండు గంటల్లో ముగించేయకండి.

ఈ కథలో మచ్చ లేదని చెప్తే అబద్ధమవుతుంది. 1956 జూన్‌లో షోల్‌కాఫ్ అనే పాత పవర్‌హౌస్ కొండచరియ విరిగిపడి చాలా భాగం నదిలో కూలిపోయింది. ఆ లోటు పూడ్చడానికి రాబర్ట్ మోసెస్ ప్లాంటుని హడావుడిగా తలపెట్టారు. రిజర్వాయర్‌కి స్థలం కావాలి. పక్కనే అమెరికా మూలవాసులైన టస్కరోరా తెగ వాళ్ల నేల ఉంది. మేం ఇవ్వం అని వాళ్లు తేల్చి చెప్పారు. సర్వేకి వచ్చినవాళ్లకి అడ్డం నిలబడ్డారు. కోర్టుకి వెళ్లారు. 1960లో అమెరికా సుప్రీం కోర్టు వాళ్లకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. సుమారు 550 ఎకరాలు నీళ్ల కింద పోయాయి. ఆ తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్, గొప్ప మనుషుల్లాగే గొప్ప దేశాలు కూడా ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి అని రాశాడు. కెనడాకి రాసిచ్చిన మాట నిలబడింది. మీ నేల మీదేనని టస్కరోరాలకి ఇచ్చిన మాట నిలబడలేదు. బలమున్నవాడితో చేసుకున్న ఒప్పందానికీ బలం లేనివాడితో చేసుకున్నదానికీ ఉన్న తేడా అది. నయాగరా గొప్పతనం చెప్పేవాళ్లు ఈ రిజర్వాయర్ గురించి కూడా చెప్పాలి.

టస్కరోరాల సంగతి చదువుతుంటే నాకు జోలాపుట్టు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. నాన్న పనిచేసిన మాచ్‌ఖండ్ ప్రాజెక్టుకి నీళ్లిచ్చే డ్యామ్ అక్కడిదే. ఆ రిజర్వాయర్ కింద ఆదివాసీల ఊళ్లు, పొలాలు మునిగాయి. మాచ్‌ఖండ్ నది మాడుగుల కొండల్లో పుట్టి, ఆంధ్రా ఒడిశా సరిహద్దు వెంబడి వెళ్లి, డుడుమ దగ్గర 150 మీటర్లకు పైగా లోతున్న లోయలోకి దూకేది. దూకేది అనే అంటున్నాను. 1955లో మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ మొదలైంది. జలపాతానికి పైనే నీటిని మళ్లించి పైపుల్లో దించుతారు. ఉద్యోగులు వించ్‌లో, అంటే ఇనపతాడుతో దించే బండిలో, కూర్చుని లోయ అడుగుకి దిగుతారు. చిన్నప్పుడు నాన్నతో ఆ వించ్‌లో దిగుతూ గోడలాంటి రాతి కొండని చూశాను. అదే జలపాతమని, వానాకాలంలో డ్యామ్ నిండి నీళ్లు వదిలితే గాని కనబడదని అప్పుడెవరో చెప్పారు. ఆ నీళ్లే కిందికి పోయి సీలేరై, బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు దాటుతూ మళ్లీ మళ్లీ కరెంటునిచ్చి, శబరిలో కలిసి గోదావరి చేరతాయి.

మాచ్‌ఖండ్ కూడా రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టే. ఇక్కడా ఒప్పందం ఉంది, వాటాలున్నాయి. మా ఇంట్లో ఆ వాటాల గురించి విన్నన్ని మాటలు ఇంకే విషయం గురించీ వినలేదు. మనకెంత, ఒడిశాకెంత, ఎవరు ఖర్చు పెట్టారు, ఎవరు బకాయి. అన్నీ మెగావాట్ల గురించే. డుడుమకెంత అని ఎవరైనా అడగగా నేను వినలేదు. కర్ణాటకలో జోగ్ జలపాతం సంగతీ అంతే. పైన లింగనమక్కి డ్యామ్ వచ్చాక శరావతి నది వానాకాలంలోనే జోగ్‌ని పలకరిస్తుంది. ఎండాకాలం వెళ్లినవాళ్లు నాలుగు సన్నటి చారలు చూసి వస్తారు.

అలాగని మనకి చేతకాదా అంటే అదీ కాదు. మాచర్ల దగ్గర ఎత్తిపోతల చూడండి. చంద్రవంక వాగు ఒక్కటే దిక్కయితే వానలు వెళ్లాక అక్కడ చూడ్డానికి పెద్దగా ఏం ఉండదు. సాగర్ కాలువ నీళ్లు అందులోకి వస్తున్నాయి కాబట్టే ఏడాదిలో చాలా నెలలు అది జలపాతంగా బతుకుతోంది. అంటే జనం చూడ్డం కోసం నీళ్లు వదలడం మనకి కొత్త కాదు. కాకపోతే అది ఆ వాగుకి హక్కుగా రాసిన నీరు కాదు. కరువొస్తే మొదట ఆగేది అదే.

పేద దేశంలో కరెంటు ముందా, జలపాతం ముందా అని నాన్న అడుగుతారు. 1955లో ఆ ప్రశ్నకి జవాబు కరెంటే. లాంతర్ల వెలుగులో చదువుకున్న తరానికి మాచ్‌ఖండ్ ఒక వరం, ఆ మాట నేను కాదనను. కాని ఇప్పుడు మధ్యాహ్నం పూట సోలార్ కరెంటు వాడుకోలేనంత వచ్చే రోజులున్నాయి. ఆ రెండు మూడు గంటలు ఒక పాత పవర్‌హౌస్ టర్బైన్లలో ఒకటి ఆపి, ఆ నీటిని పాత దారిలో వదిలితే రాష్ట్రం చీకట్లో మునగదు. నయాగరా లెక్క టూరిస్టుల గడియారాన్ని బట్టి వేసింది, చేపల్ని బట్టి కాదు. మనం వేసుకునే లెక్కలో లోయలోని చేపలు, దిగువ ఊళ్ల బావులు కూడా ఉండాలి. ఎంత నీరు, ఏ నెలలో, ఏ గంటల్లో అన్నది అంకెల్లో రాయాలి. కనీస ప్రవాహం ఉండేలా చూస్తాం అన్న మెత్తటి వాక్యం పనికిరాదు. లక్ష, 50 వేలు, ఉదయం 8, రాత్రి 10 అన్నంత గట్టిగా ఉండాలి. అంకె ఉంటేనే ఎవరైనా వెళ్లి కొలవగలరు, తగ్గితే అడగగలరు.

1950 ఒప్పందానికి 50 ఏళ్ల గడువు పెట్టారు. ఆ తర్వాత ఏ దేశమైనా ఏడాది ముందు నోటీసిచ్చి తప్పుకోవచ్చు. 2000లో ఆ గడువు దాటింది. ఇంతవరకు ఎవరూ తప్పుకోలేదు.

తిరుగు ప్రయాణంలో నాన్నతో ఈ సంగతంతా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారని చెప్పను. యూనిట్ల నష్టం ఎంతో కాగితం మీద వేసి చూపించమన్నారు. బఫలో దాటాక మాత్రం, డుడుమకి రోజుకి ఇన్ని గంటలు వదలాలని పైనుంచి ఆర్డరొస్తే అక్కడి స్టాఫ్‌కి కష్టమా అని అడిగాను. "కష్టమేముందిరా? వానాకాలంలో వదలట్లేదూ? గేటు ఎత్తినప్పుడు లాగ్‌బుక్‌లో రాస్తాం. ఇంకో కాలమ్ గీసుకోవాలి, అంతే" అన్నారు.